బోణీ అయ్యేదాకా బొట్టు

నా డైరీ వెనక అట్ట లోపలి వైపు ఎర్రటి చుక్కలు వరసగా ఉండేవి. తెలియనివాళ్ళు చూస్తే చిన్నపిల్లలెవరో ఆడుకుంటూ అంటించారనుకుంటారు. అవి నేను రోజూ సాయంత్రం రైల్లో నుదుటి మీంచి తీసి అంటించిన స్టిక్కర్ బొట్లు. పొద్దున విజయవాడ వెళ్ళే రైల్లో వాటిలోంచే ఒకటి పీకి మళ్ళీ పెట్టుకునేదాన్ని. జిగురు మంచిదైతే ఒక్కో బొట్టు నాలుగు రోజులు వచ్చేది. చెమటకి జారిపోయే రకమైతే రెండు రోజులే.

ముందు పేజీల్లో ఏం రాసుకునేదాన్నో కూడా చెప్పాలి. "ఇవాళ కూడా సరే అన్నాను." చాలా రోజులు ఆ ఒక్క వాక్యమే ఉంటుంది.

మాది గుడివాడకి రెండు స్టేషన్ల ముందు వచ్చే చిన్న ఊరు. అమ్మ నాట్లకీ కలుపులకీ వెళుతుంది, నాన్న రైసు మిల్లులో పనిచేస్తాడు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోరు. అమ్మమ్మ కాలం నుంచీ అంతే. నాకు ఉద్యోగం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కళ్ళజోళ్ళ షాపులో, కౌంటర్ మీద. వచ్చినవాళ్ళ చేతికి అక్షరాల కార్డు ఇచ్చి, ఏ వరస దాకా చదవగలరో చూసి, ఫ్రేములు చూపించడం నా పని. నాకు నలుగురిలో మాట్లాడడం రాదు. కానీ చదవలేక కళ్ళు చికిలించే మనిషికి అద్దాలు పెట్టగానే మొహం విప్పారుతుందే, అది చూడడం కోసం రోజుకి రెండుసార్లు రైలెక్కడం నాకు కష్టమనిపించలేదు. రైల్లో ఎలాగూ చదువుకోవచ్చు. పుస్తకం అట్టకి పాత క్యాలెండర్ కాగితం వేసుకుని చదివేదాన్ని, ఏం చదువుతున్నానో ఎవరూ అడక్కుండా.

చేరిన రెండో వారం షాపు మేడంగారు నన్ను పక్కకి పిలిచారు.

"ఏమీ అనుకోకమ్మా. నువ్వు మంచిపిల్లవే. కానీ పొద్దున్నే షట్టర్ తీసి దీపం పెట్టాక, వచ్చినవాళ్ళు ముందు నీ మొహమే చూస్తారు. అలా బోసిగా ఉంటే బోణీ బాగోదు. చిన్న స్టిక్కరేగా! బోణీ అయ్యాక తీసేసుకో, నేను కాదన్నానా?"

అంటూ డ్రాయర్లోంచి స్టిక్కర్ల ప్యాకెట్ తీసి ఇచ్చారు. ఆవిడది చెడ్డ మనసని నేను ఇప్పటికీ అనను. మధ్యాహ్నం నా డబ్బాలో కూర తక్కువగా ఉంటే తన గిన్నెలోది వేసేవారు. షాపు పెట్టిన కొత్తలో రోజుల తరబడి ఒక్కరూ రాని కాలం ఒకటి ఆవిడకి గుర్తుంది, ఆ భయం ఆవిడది. నాకు కావలసింది ఆవిడ భయం అర్థం చేసుకోవడం కాదు, "పెట్టుకోనండీ" అనే రెండు ముక్కలు. అవి రాలేదు. "సరేనండీ" అన్నాను.

బోణీ అయ్యాక తీసేద్దామనే అనుకునేదాన్ని. అందరి ముందూ నుదుటి మీద చెయ్యి పెట్టి పీకడానికి మొహమాటం. అలా సాయంత్రం దాకా ఉండిపోయేది. రైలు నిడమానూరు దాటాక, ఎవరూ చూడకుండా తీసి డైరీకి అంటించి, కర్చీఫు తడిపి జిగురు తుడుచుకుని, మా స్టేషన్లో మా అమ్మ కూతుర్నయి దిగేదాన్ని. ఏడు నెలలు ఇలా నడిచింది.

మా సంఘంలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరికి ప్రభువు ఏం చేశాడో లేచి నిలబడి చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకరు, తప్పిపోయిన గేదె దొరికిందని ఒకరు, పరీక్ష గట్టెక్కిందని ఒకరు. పాస్టరమ్మగారు పదో తరగతి నుంచీ నా వైపు చూస్తూనే ఉన్నారు. నేను చాప మీది నెమలి బొమ్మ వైపు చూస్తూ ఉండేదాన్ని. చెప్పడానికి ఏమీ లేక కాదు, గొంతు పెగలక. స్టిక్కర్లు మొదలయ్యాక ఇంకో కారణం తోడయింది. నుదుటి మీద జిగురు మరకతో లేచి ఏం చెప్పను? రాన్రానూ ఒక సందేహం పట్టుకుంది. అసలు ఈ విశ్వాసం నాదేనా, లేక రేషన్ కార్డులో పేరు ఎక్కినట్టు అమ్మానాన్నల వెనకాల నా పేరూ ఎక్కిందా? నాదే అయితే ఒక చిన్న చుక్క కోసం రోజూ ఎందుకు దాస్తున్నాను? డైరీలో ఈ ప్రశ్న రాసి, కింద చాలా చోటు వదిలేశాను. ఆ చోటు అలాగే ఉండిపోయింది.

ఆ శనివారం రైల్లో నా ఎదురుగా ఒకావిడ కూర్చుంది. ఖాళీ అల్యూమినియం బేసిన్లు రెండు ఒకదాంట్లో ఒకటి పెట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఎండు చేపల వాసన. కొల్లేటి వైపు నుంచి పొద్దున సరుకు తెచ్చి, అమ్ముకుని, సాయంత్రం తిరిగి వెళ్ళేవాళ్ళు ఆ రైల్లో చాలామంది ఉంటారు. ఈవిడకి యాభై దాటి ఉంటాయి. మెళ్ళో ఏమీ లేదు. నుదుటి మీద మాత్రం రూపాయి బిళ్ళంత కుంకుమ.

ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్మొస్తే ఒక పొట్లం కొన్నాను. మా ఇంట్లో బఠాణీ గింజ నోట్లో వేసుకోవాలన్నా ముందు కళ్ళు మూసుకోవాల్సిందే. అది అలవాటు, ఆలోచించి చేసేది కాదు. కళ్ళు మూసుకున్నాను, పెదవులు కదిలాయి, చివర్న "ఆమేన్" కాస్త పైకే వచ్చినట్టుంది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఆవిడ నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, బొట్టు ఇంకా తియ్యలేదని.

"ఏంటమ్మాయ్, ఇప్పుడు నువ్వు ప్రార్థన జేసుకున్నావా?"

"అవునండీ."

"మీరు కిరస్తానమా?"

"అవునండీ."

"మరి ఈ బొట్టేంటే!" అని ఒక్కసారిగా నవ్వింది. పక్క సీట్లలో వాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఆయన్నీ ఈయన్నీ ఇద్దర్నీ సర్దుతున్నావా ఏంటి? ఎవరో ఒకరు పలక్కపోతారా అని?"

చాలా మెల్లగా చెప్పాను. "షాపులో పెట్టుకోమన్నారండీ. బోణీ కోసం."

"పొద్దుగూకొచ్చింది. ఎప్పుడో అయిపోయుంటది గదా బోణీ?"

నేను తల దించుకుని ఒక కాయ వలిచాను.

"ఇయాళ నా బోణీ ఎవరు జేశారో తెలుసా? వన్ టౌన్లో బురఖా ఏసుకున్నామె. ఎండు రొయ్యలు దోసెడు దోసెడు తీసుకుంది. మజ్జానానికి బేసిన్లు రెండూ ఖాళీ. మీ మేడమ్ముకి జెప్పు."

నేను గబగబా బొట్టు తీసి డైరీ వెనక అట్టకి అంటించబోయాను. దాచుకోవడం నాకు రాలేదు, ఆవిడ వంగి చూసేసింది. ఎర్రటి చుక్కల వరసలన్నీ చూసింది. ఈసారి నవ్వలేదు.

"బొట్టు పెట్టుకునేవాళ్ళని జూశా, తుడుచుకునేవాళ్ళని జూశా. దాచుకునేవాళ్ళని ఇప్పుడే జూస్తన్నా."

కాసేపు ఇద్దరం కిటికీలోంచి చూశాం. వరి కోతకొచ్చి ఉంది. తర్వాత ఆవిడే అంది, నేనేమీ అడక్కుండానే.

"నా మొగుడు పోయి ఆరేళ్ళయింది. పదో రోజున మా ఆడబిడ్డలు జేరి గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచేశారు. చేసుకోనీలే అని ఊరుకున్నా. మర్నాడు పొద్దున్నే మొహం కడుక్కుని, అదే బరిణె తీసి, అదే కుంకం పెట్టుకున్నా. వీధి వీధంతా నోళ్ళు నొక్కుకుంది. ఎవరికోసమే ఈ ముస్తాబూ అన్నాడు మా మరిది."

"మీరేమన్నారు?"

"చేపల కోసం అన్నా. ఇంక మాట్లాళ్ళా."

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడా నవ్వింది, తర్వాత మామూలుగా చెప్పింది. "ఈ బొట్టు నా మొగుడు తెచ్చింది కాదమ్మా, ఆయనతో పోడానికి. పురిటిలోనే మా అమ్మ పెట్టింది నాకు. వాళ్ళందరూ తియ్యమన్నా నేను తియ్యలా. నువ్వేమో పెట్టుకోమంటే పెట్టుకున్నావు, స్టేషనొస్తే తీస్తన్నావు. ఇంతకీ ఆ మొహం ఎవరిదే పిల్లా? మీ మేడమ్ముదా, మీ అమ్మదా?"

నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు కూడా నేను మాట్లాడను, ఇంటికొచ్చి రాసుకుంటాను. ఆ రోజు మాత్రం నోట్లోంచి వచ్చేసింది.

"ఆయనదండీ."

"ఎవరిదీ?"

"యేసయ్యది."

ఆవిడకంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. ఆవిడ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ముందుకు వంగింది. "ఏం జేశాడేంటి నీకు? జెప్పు. కైకలూరు దాకా నాకేం పన్లేదు."

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. సంఘంలో అందరికీ తెలుసు కాబట్టి అడగరు, బయటివాళ్ళకి అక్కర్లేదు కాబట్టి అడగరు. నేను చెప్పడం మొదలుపెట్టాను.

నేను మూడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం, అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. అందరి ఒళ్ళోనూ వాక్యం, అదే బైబిలు, తెరిచి ఉంది. పక్కావిడ పేజీ తిప్పితే అమ్మా తిప్పుతోంది. అమ్మ పుస్తకం తలకిందులుగా ఉంది. నేను మెల్లగా తీసి సరిగ్గా తిప్పి పెట్టాను. అమ్మ సిగ్గుపడుతుందనుకున్నాను. ఇంటికి రాగానే కొంగు నడుముకి దోపి, "నాకు నేర్పు" అంది. ఆ రోజు నుంచీ పొయ్యి ముందు బొగ్గుతో గచ్చు మీద అక్షరాలు దిద్దించాను. అందరూ 'అ'తో మొదలుపెడతారు. అమ్మ 'య'తో మొదలుపెట్టింది, యేసు పేరు ముందు రాయాలని. నాట్లు వేసి వేసి వేళ్ళు వంగేవి కావు. ఒక్కో రాత్రి బొగ్గు పట్టుకునే నిద్రపోయేది. వాక్యంలో ఒక వరస తనంతట తను చదవడానికి రెండేళ్ళు పట్టింది.

ఐదో తరగతిలో నా ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వెయ్యలేదు అమ్మ, సంతకం పెట్టింది. మాస్టారు చూసి, "ఎవరిచేత పెట్టించావే దొంగ సంతకం?" అన్నారు. మా అమ్మ పెట్టిందని చెప్పాను. నమ్మలేదు. ఇంకో మాట చెప్పడం చేతకాక చెయ్యి చాపి నిలబడ్డాను, దెబ్బలు తిన్నాను. మర్నాడు అమ్మ పొలానికి వెళ్ళే వేషంలోనే, కాళ్ళకి బురదతోనే, బడికి వచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. మాస్టారి బల్ల మీది సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద తన పేరు రాసింది. దాని కింద నా పేరు రాసింది. ఎవరు నేర్పారమ్మా అని మాస్టారు అడిగారు. "యేసయ్య అడిగించాడండీ, నా కూతురు నేర్పింది" అని సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

"అదేనండీ నాకు చేసింది," అన్నాను ఆవిడతో. "మా అమ్మని చదవమని అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆయన అడిగాడు. ఆ పుస్తకం లేకపోతే మా ఇంట్లో ఏ పుస్తకమూ లేదు. నేనూ ఉండేదాన్ని కాదు, ఇట్లా."

చెబుతూ చెబుతూ ఉండగానే నాకు తెలిసిపోయింది. ఇది రేషన్ కార్డులో ఎక్కిన పేరు కాదు. ఆ బొగ్గు పట్టుకున్న చెయ్యి నేను పట్టుకున్నాను. ఆ నల్లబల్ల నేను చూశాను. డైరీలో ఖాళీగా వదిలిన చోటులో రాయవలసింది ఇదే. నా దగ్గరే ఉండి, అడిగినవాళ్ళు లేక ఇన్నాళ్ళూ బయటికి రాలేదు.

ఆవిడ పొట్లంలోంచి ఒక కాయ తీసుకుని వలుచుకుంది.

"మీ అమ్మేమో బోర్డు మీద రాసింది," అంది నమిలి. "నువ్వు అట్ట లోపల అంటిస్తన్నావు."

అంతే అంది. మా స్టేషను వచ్చేస్తోంది. లేచి బ్యాగు సర్దుకుంటుంటే, బేసిన్ అడుగున కాగితంలో ఇంటికని ఉంచుకున్న గుప్పెడు ఎండు రొయ్యలు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

"మీ అమ్మకియ్యి. వంకాయలో ఏసుకోమను. నీ ఉద్యోగం పోకుండా నేను మా అమ్మవారికి జెబుతాలే. మీ ఆయనకి నువ్వు జెప్పుకో."

మిగిలిన వేరుశెనక్కాయలు ఆవిడ ఒళ్ళో పెట్టి దిగాను. పేరు అడగలేదు. మళ్ళీ కనపడలేదు.

మర్నాడు ఆదివారం. సాక్ష్యాల సమయంలో నేను లేచి నిలబడ్డాను. పాస్టరమ్మగారు తెల్లబోయి చూశారు. నెమలి చాప మీద నిలబడి, స్టిక్కర్ల సంగతి మొత్తం చెప్పాను, ఏడు నెలలూ, డైరీ అట్టా, చేపలావిడా, అన్నీ. ముందు వరసలో అమ్మ తల మీది చెంగు కదల్లేదు. నేను కూర్చోబోతుండగా వెనక నుంచి పెద్దావిడ ఒకామె అంది, "అదంతా బానే ఉందమ్మా. ఆవిడకి సువార్త చెప్పి ఆ బొట్టు తీయించాల్సింది కదా!"

కూర్చోబోయినదాన్ని ఆగాను.

"తీయించనండీ. ఆవిణ్ణి తియ్యమన్నవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు."

ఎవరో దగ్గారు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. ఆ వారం నుంచీ ఆ పెద్దావిడ నాతో ముభావంగానే ఉంటుంది. ఉండనీ.

ఇంటికొచ్చాక అమ్మ వంకాయలు తరిగింది. రొయ్యలు తలలు గిల్లి వేయించింది. అప్పుడు, నా వైపు చూడకుండా, "నాకెందుకు చెప్పలా?" అంది.

"ఉద్యోగం మానెయ్యమంటావని."

"మానెయ్యమనను. వాళ్ళు మానిపిస్తే మానిపించనీ. నాట్లెక్కడికీ పోలా, నా పక్కన ఒక వరస నీకుంటది." మూత పెట్టి మళ్ళీ అంది, "ఏడు నెలలు ఆ జిగురు పూసుకుని నా పక్కన పడుకున్నావు. నాకు వాసన కూడా తెలవలా, చూడు."

నాకు అన్నిటికంటే బాధ వేసింది అక్కడే.

సోమవారం రైల్లో డైరీ తియ్యలేదు. మేడంగారు షట్టర్ తీసి దీపం వెలిగించి, అగరొత్తి గుచ్చి, వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"మర్చిపోయావా? డ్రాయర్లో ఉంది చూడు."

"మర్చిపోలేదండీ. ఇంక పెట్టుకోనండీ."

ఆవిడ చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది. "ఇప్పుడేమయిందమ్మా కొత్తగా?"

"కొత్తగా ఏం కాలేదండీ. మొదటి రోజే చెప్పాల్సింది. నేను క్రైస్తవురాల్ని. మా ఇంట్లో పెట్టుకోం."

"తెలుసులే. నేనేమన్నా నిన్ను మతం మార్చుకోమన్నానా? ఇంత చిన్న విషయానికి…"

"చిన్న విషయమే అయితే వదిలెయ్యండి మేడం."

ఆ మాట నేనే అన్నానా అని నాకే అనుమానం వచ్చింది. ఆవిడ నిట్టూర్చారు. అప్పుడు, కోపంగా కాదు, ఎంతో దయగా ఒక మాట అన్నారు. "పోనీ బోణీ అయ్యేదాకా లోపల లెన్సుల గదిలో కూర్చో. ఆ తర్వాత కౌంటర్లోకి వద్దువుగాని."

ఆ గది నాకు ఎంత ఇష్టమో ఆవిడకి తెలియదు. ఒక కుర్చీ, ఒక దీపం, ఎవరూ పలకరించరు, పుస్తకం చదువుకోవచ్చు. నా స్వభావానికి సరిగ్గా సరిపోయే చోటు. అదే ముందు రోజుల్లో అయితే పరిగెత్తుకుని వెళ్ళేదాన్ని. నాలుక చివర "సరేనండీ" తయారుగా ఉంది. దాన్ని మింగాను.

"ఇక్కడే నిలబడతానండీ."

మొదట వచ్చినాయన ముసలాయన. మెట్లెక్కి వచ్చి కళ్ళజోడు తీసి కౌంటర్ మీద పెట్టారు. మేడంగారు బిల్లు పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. ఫ్రేము కాడ దగ్గర మర వదులైందట. బిగించి ఇచ్చాను. దానికి మా షాపులో ఏమీ తీసుకోం. ఆయన పెట్టుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇప్పుడు బానే కనిపిస్తన్నావమ్మా" అని వెళ్ళిపోయారు. బిల్లు లేదు. బోణీ లేదు.

మేడంగారు దీపం వైపు చూశారు, నా నుదుటి వైపు చూశారు.

అరగంట గడిచింది. గంట గడిచింది. సర్కిల్లో హారన్లు తప్ప షాపులో చప్పుడు లేదు. ఒక మంచి ఖరీదైన ఫ్రేము కొనేవాళ్ళని పంపించు ప్రభువా అని అడగాలని నాకు అనిపించింది. అడగలేదు. కళ్ళజోళ్ళు అమ్మిపెట్టడానికి కాదు ఆయన. ఆ తలుపులోంచి రోజంతా ఎవరూ రాకపోయినా ఈ నుదురు ఇలాగే ఉంటుంది.

"రేపు కూడా ఇలాగే వస్తానండీ," అన్నాను.

మేడంగారు నా వైపు తిరగలేదు. "రేపటి సంగతి రేపు చూద్దాం. ముందు ఆ అద్దాలు తుడువు" అని మెత్తటి గుడ్డ నా వైపు తోశారు.

గోడల నిండా అద్దాలే ఆ షాపులో. ఒక చివర నుంచి మొదలుపెట్టాను. తుడిచిన ప్రతి అద్దంలోనూ నా మొహం. కనుబొమల మధ్య, ఇన్నాళ్ళూ జిగురు అంటుకున్నచోట, చర్మం గుండ్రంగా కాస్త పాలిపోయి కనిపిస్తోంది. ఎండ తగిలి మామూలు రంగులోకి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది.

పట్టనీ.